సెల్ఫ్ అందుకోని లారీ

కీ తిప్పగానే వచ్చే చప్పుడును బట్టే సగం సంగతి తెలిసిపోతుంది. డీజిల్ లారీకి స్పార్క్ ప్లగ్గులుండవు. గాలిని నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అందుకే ముందు ఇంజన్ తిరుగుతోందా లేదా అన్నది తేల్చుకోవాలి. బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టాకే మిగతా పని.

సెల్ఫ్ టకటకమని, డాష్ లైట్లు మసకబారితే కరెంటు చాలడం లేదు. చాలా లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. నిండా చార్జి ఉంటే రెండింటికీ కలిపి మీటరు 25 దాటి చూపాలి. విడివిడిగానూ కొలవండి, ఒకటి పడిపోయినా రెండూ పడుకున్నట్టే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మొత్తం 19కి దిగువన పడితే ముందు చార్జింగుకి పంపాలి.

బ్యాటరీ బాగున్నా ఇంజన్ బరువుగా తిరుగుతుంటే చాలామంది కొత్త బ్యాటరీ కొనేస్తారు. ఎర్త్ చూడకుండా అంత డబ్బు పొయ్యడం అన్యాయం. మీటరు నల్ల వైరును బ్యాటరీ నెగటివ్ పోలుకే ఆనించండి, క్లాంపుకు కాదు. ఎర్ర వైరును ఇంజన్ బ్లాకు మీద రంగు లేని ఇనుముకు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే దోషం ఆ దారిలోనే ఉంది. నెగటివ్ క్లాంపు ముందు విప్పి, పోలూ, ఎర్త్ బోల్టు కిందా ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది గట్టిగా బిగించాలి.

అసలు చప్పుడే రాకపోతే ఫ్యూజు, రిలే, న్యూట్రల్ స్విచ్ చూసి, సెల్ఫ్ మీది సొలనాయిడ్‌కి వచ్చే సన్న వైరు దగ్గరికి వెళ్లండి. కీ తిప్పినప్పుడు అక్కడ 24 వోల్టులు వస్తుంటే సెల్ఫ్ దించాల్సిందే. రాకపోతే ఆ వైరు వెంటే వెనక్కి, కీ స్విచ్ దాకా వెతకాలి. స్పానరు అడ్డం పెట్టి డైరెక్టు కొట్టే అలవాటు మాత్రం మానండి. గేరులో ఉంటే బండి ముందుకు దూకుతుంది, కిందున్న మనిషి ప్రాణం పోతుంది.

చురుగ్గా తిరుగుతున్నా అందుకోవడం లేదా? సైలెన్సర్లో పొగ కూడా లేకపోతే డీజిల్ అందనట్టే. పాత పంపు బళ్లలో కట్-ఆఫ్ సొలనాయిడ్ చూసి, ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, నురుగు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టి ఎయిర్ తీయాలి. కామన్ రెయిల్ బళ్లలో ఇంజెక్టర్ పైపుల జోలికి పోకండి. వాటిలోని ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి దిగుతుంది. అక్కడ స్కానరు పెట్టించండి.