చోటు ముందు, మనిషి తర్వాత

బిడ్డా,

మీ జియాలజీ సారు చెప్పిన లెక్క సరైందే. మన గోదావరిఖని బొగ్గు 25 కోట్ల ఏండ్లకు పైబడిందే. బొగ్గు బాయిల కప్పు రాయి మీద గ్లోసోప్టెరిస్ ఆకు అచ్చును నేను నా కండ్లతోని చూసిన. టోపీ దీపం పక్కకు వంచితే నడిమి ఈనె, దాన్నుంచి అంచుదాకా పోయిన సన్న ఈనెలు సాఫ్‌గ కనవడేటియి. ఆ ఆకును కాదని దేవుణ్ని కాపాడే పని మనకు లేదు.

కానీ ఆరు దినాల సృష్టికి ఇన్ని కోట్ల ఏండ్లు ఎట్ల కుదురుతయన్న సందేహం వచ్చిందని చర్చికి పోవుడు బంద్ చేసినవట, అది నాకు నచ్చలే. సూర్యుడే లేని దినానికి పొద్దు, మాపు ఎట్లుంటయని ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు 3వ శతాబ్దంలనే అడిగిండు. బైబిలు పక్కకు పెట్టి అడగలే, చదువుకుంటనే అడిగిండు.

ఆదికాండం మొదటి అధ్యాయంల నువ్వు దినాలు లెక్కపెడ్తున్నవు. వరుస చూడు. ఒకటో దినం వెలుగు, నాలుగో దినం సూర్యచంద్రులు. రెండో దినం ఆకాశం, నీళ్లు వేరైనయి, అయిదో దినం పక్షులు, చేపలు వచ్చినయి. మూడో దినం ఆరిన నేల, చెట్టుచేమ. ఆరో దినం జంతువులు, మనిషి. ముందు మూడు దినాలు చోట్లు, తర్వాత మూడు దినాలు ఆ చోట్ల ఉండేటోళ్లు.

నేను బాయిల సర్దార్‌గ చేసినోణ్ని గనక ఈ వరుస నాకు తెల్సిన పని లెక్కనే అనిపిస్తది. షిఫ్టోళ్లు పనిచోటుకు రాకముందే సర్దార్ పోయి చూడాలె. సేఫ్టీ ల్యాంపు మంట చూసి గ్యాసు ఉన్నదో లేదో చెప్పాలె. కర్రతోని కప్పును కొట్టి చెవి పెట్టాలె. గట్టి కప్పు ఖణేల్‌మంటది, విడిచిన కప్పు డొల్ల చప్పుడు చేస్తది. అక్కడ ఆసరా పెట్టించాలె. అంతా సరిగ్గున్నదంటేనే మనుషులను రానియ్యాలె. తొందరపడి ముందే రానిస్తే, వాళ్ల పానాలు నీకు లెక్కలేదన్నట్టే.

“ఇన్ని కోట్ల ఏండ్లల్ల నేనెంత తాతా” అని రాసినవు. ఆఖరుకు వచ్చినంత మాత్రాన అడుగుబడ్డట్టు కాదు బిడ్డా. ఆ ఏండ్లన్నీ నీకోసం చోటు సిద్ధం చేసిన ఏండ్లని నేను నమ్ముత.

నమ్మితే మరి పని కూడా మీద పడ్తది. రెండో అధ్యాయంల మనిషిని తోటల పెట్టింది దున్నుటానికి, కాచుటానికి. మనం దున్నుడు మంచిగనే నేర్చుకున్నం, కాచుడే తక్కువైంది. ఓపెన్‌కాస్టుల పక్కన మట్టిగుట్టలు, బ్లాస్టింగులకు బీటలిచ్చిన ఇండ్ల గోడలు నువ్వు చూస్తనే పెరిగినవు. రేపు జియాలజిస్టువై ఏ రిపోర్టు మీద సంతకం పెట్టినా, నీ తర్వాత వచ్చేటోళ్లకు చోటు మిగులుతదా అని ముందు చూడు. సృష్టి కథ నీ బతుకుల పనికొచ్చేది అక్కడనే.

పరీక్షల ఏండ్ల లెక్క సిగ్గుపడకుండ రాయి. ఆదివారం అమ్మెంబడి చర్చికి పో. ఆ రెండధ్యాయాలు పక్కపక్కన పెట్టి చదువు. రెండోదాంట్ల మనిషిని చేసినంకనే తోట నాటినట్టుంటది. నేను చెప్పిన వరుసకు అది పొసగదని నన్నే అడుగుతవు. అడుగు, పండుగకు వచ్చినప్పుడు ఇద్దరం కూసొని మాట్లాడుకుందాం.

మీ తాత