మరచేతికి పాఠము చెప్పువారెవరు?

శ్రీపెరంబుదూరు, చాకణ్ ప్రాంతముల కార్ల కర్మాగారములలో పనికి కుదిరిన మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు "రోబో" అను మాటను వెంట తెచ్చుచున్నారు. మనిషి చేయి తగలకుండ ఇనుపరేకులను వెల్డింగు చేయు యంత్రమని చెప్పుచున్నారు. రేపు అది మగ్గమెక్కి కూర్చుండదా అని పెద్దలు మమ్ము అడుగుచున్నారు. భయపడుటకు ముందు దాని పుట్టుక తెలిసికొందము. దానికిని మనకును చుట్టరికము కలదు. ఆ చుట్టరికము మన మగ్గము మీది జాకార్డు పెట్టెలో ఉన్నది.

పూర్వము పూవు నేయవలెనన్న నేతగానికి తోడుగా ఒక కుర్రవాడు కావలెను. ఏ పోగులు లేవవలెనో వాటి త్రాళ్లను వాడు లాగుచుండెడివాడు. ఫ్రాన్సు దేశమున లియాన్ పట్టణపు జోసెఫ్ మరీ జాకార్డు 1804 ప్రాంతమున ఈ పనిని అట్టలకు అప్పగించెను. అట్టలో రంధ్రమున్నచోట సూది దూరును, కొక్కెము లేచును, దానితో పడుగు పోగు లేచును. రంధ్రము లేనిచోట అట్ట సూదిని నెట్టివేయును, పోగు క్రిందనే ఉండును. ఒక్కొక్క పేకకు ఒక్కొక్క అట్ట. 1839లో జాకార్డు రూపమునే పట్టులో నేసినప్పుడు సుమారు 24,000 అట్టలు పట్టినవి.

దీనివలన త్రాడు లాగు కుర్రవాని పని పోయినది. గ్రాఫు గీసి, గడులు లెక్కించి, అట్టలు కొట్టువాని పని కొత్తగా వచ్చినది. ఈ రెండు మాటలు గుర్తుంచుకొనవలెను.

రోబో కూడ ఇట్టిదే. "రోబో" అను పేరు కారెల్ చాపెక్ అను చెక్ రచయిత 1920లో వ్రాసిన నాటకము నుండి వచ్చినది. ఆ భాషలో దాని మూలపదమునకు వెట్టిచాకిరి అని అర్థము. అమెరికాలో జార్జి డెవోల్ 1954లో పేటెంటుకు దరఖాస్తు పెట్టిన "యూనిమేట్" అను మరచేయి 1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ కర్మాగారమున పనిలో చేరినది. కాలుచున్న లోహపు పోతలను అచ్చు నుండి తీయుట దాని పని. ఎక్కడికి చాపవలెను, ఎప్పుడు పట్టవలెను, ఎప్పుడు విడువవలెను అను వరుస అంతయు ముందుగా ఒక అయస్కాంతపు డ్రమ్ము మీద ఎక్కించెడివారు. మన అట్టలు చేయు పనినే అక్కడ డ్రమ్ము చేసినది. 2023 నాటికి ప్రపంచ కర్మాగారములలో ఇట్టి యంత్రములు 40 లక్షలకు మించినవి. ఎన్ని వచ్చినను, వాటికి పని వరుస వ్రాసి పెట్టువారు మనుష్యులే.

మరి అది చీర నేయునా? గట్టి వస్తువు పట్టిన చోటనే ఉండును. కనుక వెల్డింగు, రంగు చల్లుట, బరువులెత్తుట రోబోకు సులువు. గుడ్డ అట్లు కాదు. పట్టగానే ముడుచుకొనును, జారును, సాగును. తెగిన పోగును చూపులోనే కనిపెట్టి అతికించు వ్రేళ్ల పని దానికి కష్టము. మనకు అసలు పోటీ రోబోతో కాదు, మరమగ్గముతో. ఆ మరమగ్గమునకు మన డిజైను చేతికి చిక్కుటయే అసలు ప్రమాదము.

ఎట్లనగా, అట్టల కట్ట బరువైనది. అది మన అటక మీదనే ఉండెడిది. ఎలక్ట్రానిక్ జాకార్డులో అట్టలు లేవు. డిజైను అంతయు కంప్యూటరు ఫైలు. వ్రేలెడంత పెన్‌డ్రైవులో వంద చీరల పని పట్టును. మా సభ్య కుటుంబమొకటి ఆరు నెలలు శ్రమపడి కూర్చిన అంచు, ఫైలు చేయించుటకు బయటికి వెళ్లిన కొద్ది వారములకే మరమగ్గపు చీరల మీద సగము ధరకు కనబడినది. అడుగబోగా, ఆ డిజైను తమదని చూపుటకు వారి చేతిలో ఒక్క కాగితమైనను లేకపోయినది.

కాబట్టి సభ్యులకు మా సూచనలు:

1. డిజైను బయటికి ఇచ్చుటకు ముందే గ్రాఫు ప్రతి మీద పేరు, తేదీ వ్రాసి సంఘ కార్యాలయమున ఒక నకలు దాఖలు చేయవలెను.

2. ఫైలు చేయించినప్పుడు చీటీ మీద "డిజైను ఫలానావారిది, ఇతరులకు ఈయరాదు" అని వ్రాయించుకొనవలెను. ఫైలు ప్రతిని కూడ తెచ్చుకొనవలెను.

3. కొత్త డిజైనును 2000 నాటి డిజైనుల చట్టము క్రింద రిజిస్టరు చేయించవచ్చును. 10 సంవత్సరముల రక్షణ లభించును. మరి 5 సంవత్సరములు పొడిగించుకొనవచ్చును. అయితే సరుకు బజారులో పెట్టకముందే దరఖాస్తు చేయవలెను. పెట్టిన పిదప చేసిన లాభము లేదు.

4. ఇంటికొకరైనను, కొడుకు గాని కూతురు గాని, కంప్యూటరు మీద డిజైను వ్రాయుట నేర్వవలెను. సేలంలోను, ఒడిశాలోని బర్గఢ్‌లోను చేనేత సాంకేతిక విద్యాసంస్థలు కలవు. గ్రాఫు గడి తెలిసిన పిల్లకు ఈ విద్య కొత్తది కాదు. కాగితమునకు మారుగా తెర వచ్చినది, అంతే.

త్రాడు లాగినవాని పని పోయినది, అట్ట వ్రాసినవాని పని నిలిచినది. మన ఇండ్లలో అట్ట వ్రాయువారు ఉండవలెనని మా కోరిక. సంఘ కార్యాలయమున డిజైను రిజిస్టరు తెరచి ఉంచినాము. సభ్యులు వచ్చి తమ పేర్లు వ్రాయించుకొనగలరు.