తెలుగు, ఒడియా రెండూ వచ్చా? పరిహార కేసుల న్యాయవాదిగా రాణించండి

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. బరంపురం గేట్ బజార్‌లో పెరిగే తెలుగు పిల్లలకు ఇది మామూలు సంగతే. రోడ్డు ప్రమాదాల్లో గాయపడ్డవారికి పరిహారం ఇప్పించే న్యాయవాద వృత్తిలో మాత్రం ఇదే పెద్ద బలం.

జాతీయ రహదారి 16 మీద ఇచ్ఛాపురం దగ్గర గంజాం కూలీని లారీ గుద్దిందనుకుందాం. ఎఫ్‌ఐఆర్, సాక్షుల మాటలు తెలుగులో ఉంటాయి. కుటుంబం గోడు ఒడియాలో ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం బాధితుడు తాను నివసించే ప్రాంతంలోని ట్రైబ్యునల్‌లోనే దరఖాస్తు వేసుకోవచ్చు. ఆ కాగితాలన్నీ చదివి అర్థం చేసుకోగల న్యాయవాది అతనికి కొండంత అండ.

పని ఎలా ఉంటుంది?

డ్రైవర్ నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి. ఆపైన నష్టాన్ని లెక్కగట్టాలి. గాయం శరీరాన్ని ఎంత దెబ్బతీసిందన్నదే కాదు, సంపాదనను ఎంత తగ్గించిందో కూడా చూడాలని 2011లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చేయి పోతే గుమాస్తా ఉద్యోగం నిలవొచ్చు, వడ్రంగి బతుకు ఆగిపోతుంది.

నెలకు రూ.15,000 సంపాదించే 28 ఏళ్ల స్వయం ఉపాధి కార్మికుడి సంపాదన శక్తి 20 శాతం తగ్గిందనుకోండి. ఏడాది ఆదాయం రూ.1,80,000కు భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే రూ.2,52,000. ఆ వయసుకు గుణకం 17. రూ.2,52,000లో 20 శాతాన్ని 17తో గుణిస్తే ఆదాయ నష్టమే రూ.8,56,800. చికిత్స ఖర్చు, బాధకు పరిహారం అదనం.

ఏం చదవాలి?

ప్లస్‌టూ తర్వాత ఐదేళ్ల లా, లేదా డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయాలి. బరంపురంలోనే లింగరాజ్ లా కాలేజీ ఉంది. బార్ కౌన్సిల్‌లో నమోదుతో పాటు ఆలిండియా బార్ పరీక్షలోనూ నెగ్గాలి. బీమా కంపెనీల న్యాయ విభాగాల్లోనూ అవకాశాలుంటాయి.

చదువుకుంటూనే వైద్య నివేదికలు, బీమా పాలసీలు చదవడం అలవాటు చేసుకోండి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో దరఖాస్తు వేయాలని 2019 సవరణ చెబుతోంది. మీ వీధిలో ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు ఆ గడువు గుర్తుచేయండి.

వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. న్యాయమైన ఫీజు తీసుకోండి. మిగతా ప్రతి రూపాయీ బాధితుడి చేతికి అందేలా చూడండి. ఈ వృత్తిలో పేరు అలాగే వస్తుంది.