పైన పసుపు, లోపల పులుపు

మొన్న నువ్వు ఫోన్‌లో చెప్పింది ఇంకా మనసులోనే తిరుగుతోంది చెల్లీ. "పసుపుకొమ్ములా నిగనిగలాడుతోందక్కా, కోస్తే టెంక దాకా తెల్లగా, గట్టిగా ఉంది. బాబు ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేశాడు" అన్నావు. బంగినపల్లి అంటే వాడికి ప్రాణం కదా, పాపం.

ఆ వారమే మా ఇంట్లోనూ ఇలాంటిదే జరిగింది. మా మరిది పూణే నుంచి హాపూస్ మామిడిపళ్ల పెట్టె పంపాడు. పైన ఒక్క మచ్చ లేదు, మూత తీయగానే గదంతా వాసన. ఆరు పళ్లు కోస్తే రెండింటిలో టెంకని ఆనుకుని పాలిపోయిన కండ. వేలితో నొక్కితే స్పంజిలా అణిగింది, మధ్యమధ్య గాలి చేరిన ఖాళీలు. చుట్టూ ఉన్నదంతా కుంకుమపువ్వు రంగులో తియ్యగా ఉంటే, ఆ తెల్లటి చోటు మాత్రం పుల్లగా, చప్పగా ఉంది.

రెండు పళ్లూ ఒకలాగే పాడయ్యాయని అనుకుంటాం. కాదు చెల్లీ. నా పండుది చెట్టు మీద పుట్టిన లోపం. నీ పండుది మనిషి తొందర. ఈ తేడా తెలియకపోతే తిట్టకూడని వాళ్లని తిడతాం.

ముందు నా పండు సంగతి. హాపూస్‌కి వచ్చే ఈ లోపాన్ని స్పంజి టిష్యూ అంటారు. రత్నగిరి, దేవగఢ్ వైపు కొంకణ రైతులకి ఇది తరతరాల బాధ. 1930లలోనే దీని గురించి రాసిపెట్టారు. పురుగు కాదు, తెగులు కాదు, మందు కొడితే పోయేదీ కాదు. కోసేదాకా రైతుకైనా తెలియదు. ఎండాకాలం నేల నుంచి ఎగసే సెగకి ఇది ఎక్కువవుతుందని మొదట గమనించారు. తర్వాత బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు ఇంకాస్త లోతుకి వెళ్లారు. మామిడి టెంకలోని పప్పుకి నిద్ర ఉండదు. కాయ ఇంకా కొమ్మన ఉండగానే అది మొలకకి సిద్ధపడిపోతే, చుట్టూ ఉన్న కండలోంచి నీళ్లూ సారమూ లాగేసుకుంటుందట. ఆ చోట పిండిపదార్థం చక్కెరగా మారకుండా అలాగే మిగిలిపోతుంది. అదే మనకి తగిలే తెల్లటి స్పంజి.

అందుకే అక్కడి రైతులు చెట్టు కింద ఎండుగడ్డి పరుస్తారు. కాయ మరీ ముదరకముందే, ముప్పావు పక్వంలో దించేస్తారు. నాకు సంతోషం కలిగించిన విషయం ఇంకొకటుంది. మన బంగినపల్లికి మామూలుగా ఈ జబ్బు రాదు. ఆ సుగుణం కోసమే బెంగళూరులో బంగినపల్లినీ హాపూస్‌నీ కలిపి అర్కా అరుణ, అర్కా పునీత్ అనే రకాలు తయారుచేశారు. వాటిలో స్పంజి ఉండదు. మన బంగినపల్లి పండు ఇంకో పండు జబ్బుకి మందైంది చూడు!

ఇక నీ పండు దగ్గరికి వద్దాం. కాయ పక్వానికి రావడం వేరు, పండడం వేరు. పక్వానికి రావడం చెట్టు మీదే జరగాలి. అప్పుడే కండలో పిండిపదార్థం నిండుతుంది. తొడిమ పక్కన భుజాలు ఉబ్బి, తొడిమ గుంటలోకి దిగినట్టుంటుంది. అలాంటి కాయని నీళ్లలో వేస్తే మునుగుతుంది, లేతది తేలుతుంది. పండడం మాత్రం కోశాక కూడా జరుగుతుంది. కాయ తనంతట తానే ఇథిలిన్ అనే వాయువుని వదులుతుంది. పళ్లలోంచే ఈ వాయువు వస్తుందని 1934లో రిచర్డ్ గేన్ అనే ఆయన రుజువు చేశాడు. దాని ప్రభావంతో పిండి చక్కెర అవుతుంది, పులుపు తగ్గుతుంది, కండ మెత్తబడుతుంది, తొక్కలో ఆకుపచ్చ విరిగి పసుపు బయటపడుతుంది. ఇవన్నీ కలిసి నడిస్తేనే పండు.

నాన్నమ్మ కొట్టుగది గుర్తుందా? వరిగడ్డి మందంగా పరిచి, కాయల్ని ఒకదానికొకటి ఒరుసుకోకుండా తొడిమ కిందకి పెట్టి పేర్చేది. పైన మళ్లీ గడ్డి, దాని మీద గోనెసంచి. రోజూ సాయంత్రం సంచి ఎత్తి, కాయని నొక్కకుండా తొడిమ దగ్గర ముక్కు పెట్టి చూసేది. కుళ్లు తగిలినది ఒక్కటి కనిపించినా అప్పటికప్పుడు తీసేసేది. కుళ్లే కాయ ఇథిలిన్ ఎక్కువ వదిలి పక్కవాటిని కూడా తొందరపెడుతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చేత్తో, ముక్కుతో నేర్చుకుంది.

కాయల్ని తొందరగా మాగబెట్టడానికి వాడే కార్బైడ్ ఈ వరస అంతా చెడగొడుతుంది. అది గ్యాస్ వెల్డింగ్‌కి వాడే సరుకు. తేమ తగిలితే ఎసిటిలిన్ వదులుతుంది. ఆ వాయువు ఇథిలిన్‌లా నటించి తొక్కకి రంగు తెప్పిస్తుంది. లేతకాయలో పిండే నిండలేదు, ఇక చక్కెర ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే పైన పసుపు, లోపల పులుపు. పైగా ఆ కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి. పళ్లు మాగబెట్టడానికి దాన్ని వాడకూడదని మన దేశంలో చట్టమే ఉంది. అయినా సీజన్ మొదట్లో దొరికే ధర కోసం కొందరు వాడుతూనే ఉన్నారు. ఇది క్షమించరాని పని.

ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకో. "గ్యాస్ పెట్టారు" అనగానే అన్నిటికీ భయపడకు. ఇథిలిన్ గదుల్లో 100 పీపీఎం లోపు వాడుకోవచ్చని 2016లో ఆహార భద్రతా సంస్థ అనుమతించింది. పండు తనంతట తాను వదిలే వాయువే అది. కాకపోతే ఆ గదిలో పెట్టినా లేతకాయ తియ్యబడదు. మన చేతిలో ఉన్నది ముదురుకాయని ఎంచుకోవడమే.

ఫ్రిజ్ సంగతి కూడా చెప్తాను. పచ్చికాయని ఫ్రిజ్‌లో పెట్టకు. సుమారు 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే తొక్క బూడిదరంగుకి తిరిగి, గుంటలు పడి, ఆ తర్వాత బయటపెట్టినా సరిగ్గా పండదు. పండిన తర్వాత పెట్టుకో. తొక్క మీద నల్లటి చారలు చూసి కుళ్లిందని పారెయ్యకు, అది చాలాసార్లు సొన కారి కాలిన మచ్చే. సపోటా, సీతాఫలం, అరటి కూడా ఇంట్లో మాగుతాయి. ద్రాక్ష, దానిమ్మ, బత్తాయి మాగవు, చెట్టు మీద వచ్చిన తీపే తీపి.

చెల్లీ, లేతకాయ కోయడానికి కారణం మనమే. మార్చిలోనే పసుపురంగు పండు కనబడితే ఎగబడి కొంటున్నాం. బంగినపల్లి ఏప్రిల్ చివర, మే నెలలో గానీ నిండుగా పక్వానికి రాదు. వచ్చే వేసవికి కాస్త ఓపిక పట్టు. భుజాలు ఉబ్బి తొడిమతో ఉన్న పచ్చికాయలు ఓ డజను తెచ్చి గంపలో గడ్డి వేసి పెట్టు. గడ్డి దొరక్కపోతే బియ్యం డబ్బా చాలు. రోజూ బాబు చేత వాసన చూపించు. మొదటి పండు వాడి చేతే తీయించి, ఎలా ఉందో నాకు ఫోన్ చెయ్యి.