మందలింపు అను మాటను గూర్చి

1981వ సంవత్సరమున హనుమకొండలో మా వీధియందు ఒక యింటి పెద్ద లింగైక్యము చెందిరి. ఆ యింటి మేడమీది గదిలో గోదావరి జిల్లా నుండి బదిలీపై వచ్చిన ఒక యువ ఉద్యోగి అద్దెకుండెను. అతడు సెలవుపై స్వగ్రామమునకు వెళ్ళియుండి ఐదవనాడు తిరిగివచ్చెను. వాకిట కూర్చున్న వృద్ధు డొకరు అతనిని చూచి, "సారూ, మీదికి పోయేముంగట అమ్మను జర మందలిచ్చి పోండ్రి" అనిరి. యువకుడు నిర్ఘాంతపోయెను. భర్తను పోగొట్టుకొని ఐదు దినములైనను కాని ఆ తల్లిని మందలించుటయా? ఆమె చేసిన తప్పేమి? ఇది వారి కుటుంబములోని ఏదో కలహమై యుండునని తలచి, పరాయివాడు తల దూర్చరాదని నిశ్చయించుకొని, తల వంచుకొని మెట్లెక్కి పోయెను. నెల దినములకు పైగా అట్లే చడి చేయక వచ్చుచు పోవుచుండెను. క్రిందనున్న ఆ తల్లికి మాత్రము, పండుగనాడు తన చేతి భక్ష్యములు తిన్న పిల్లవాడు తన కష్టకాలమున ఒక్క మాటైనను పలుకకపోయెనే యను దుఃఖము మిగిలినది.

ఆ యింటితో ఈ వ్యాసకర్తకు చుట్టరికము కలదు. ఉభయుల మనసులలోని బాధయు వినుట తటస్థించినది. నాటినుండి ఈ మాటపై నాకు కలిగిన విచారమును పాఠకుల ముందుంచుచున్నాను.

తీరాంధ్రమునందు, పాఠ్యపుస్తకములయందు, పత్రికలయందు "మందలించు" అనగా తప్పు చేసినవానికి మృదువుగా బుద్ధి చెప్పుట. నిఘంటువులు హెచ్చరించుట, బుద్ధి గరపుట అను అర్థములను చూపును. ఓరుగల్లు సీమలోను, తెలంగాణములోని ఇతర ప్రాంతములందును "మందలించు" అనగా పలుకరించుట, క్షేమము విచారించుట, పరామర్శించుట. ఊరినుండి చుట్టము వచ్చినచో మందలింతురు. జ్వరముతో మంచమెక్కినవారిని మందలించి వత్తురు. చావు జరిగిన యింటికి పోయి మందలించుట విధిగా పాటింపవలసిన మర్యాద. "వాడు నన్ను మందలియ్యలె" అని ఇచ్చటి వృద్ధురాలు కంట నీరు పెట్టుకొన్నచో, తనను కోపపడలేదని కాదు, తనను మనిషిగా లెక్కపెట్టలేదని అర్థము. ఒకచోట మందలింపు పడుట చిన్నతనము. ఇంకొకచోట మందలింపు పడకపోవుటయే అవమానము.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట ఉపాధ్యాయులును ఉద్యోగులును ఇరుప్రాంతముల మధ్య విరివిగా బదిలీలపై తిరిగిరి. బడిలో పిల్లవాడు ఒక అర్థమును నేర్చుకొనును, ఇంటిలో నాయనమ్మ నోట మరియొక అర్థమును వినును. పరీక్షలో "మందలించుట: పలుకరించుట" అని వ్రాసినచో ఎఱ్ఱసిరా గీత తప్పదు. ఆ గీత క్రింద పడినది పిల్లవాని తప్పు కాదు, వాని నాయనమ్మ మాట. వరంగల్లును కార్యక్షేత్రముగా చేసికొనిన కాళోజీ నారాయణరావు జనుల వాడుక భాష పక్షమున జీవితాంతము వాదించిరి. వారి కవితాసంపుటమునకు "నా గొడవ" అని పేరు. ఇతరత్ర గొడవ యనగా జగడము. వారి కావ్యమున గొడవ యనగా లోకమును గూర్చి తనకు గల ఆరాటము. మందలింపు సంగతియు అటువంటిదే. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ ప్రభుత్వము భాషా దినోత్సవముగా జరుపుచున్నది గాని, ఆ ఒక్క దినము గడచిన పిదప ఇట్టి మాటలను పట్టించుకొనువారు కొలది మందియే.

ఇంతకును ఈ రెండు అర్థములు వేఱువేఱు మాటలవా, ఒకే మాటవా? కొందఱు "మంద" మను సంస్కృత పదమును తెచ్చి, మెల్లగా చెప్పుట కావున మందలింపు అందురు. ఈ యూహ చెవికి ఇంపుగా నున్నను నాకు రుచింపదు. పలుకరించుట అను అర్థమునకు మెల్లదనముతో పనియేమి? నెల్లూరు సీమలో నేటికిని "ఏం మందల?" అని యడుగుదురు, ఏమి సంగతి యని దాని భావము. మందల యనగా సంగతి యైనచో, మందలించుట యనగా సంగతి యడుగుట. ఎదుటివాని సంగతి యడిగినచో అది పలుకరింపు. అడిగి విని, ఆ సంగతిలోని లోపమును వానికే చూపినచో అది బుద్ధి చెప్పుట. ఒకే బాటలో ఓరుగల్లు వారు మొదటి మజిలీని నిలుపుకొనిరి, తీరమువారు రెండవ మజిలీని నిలుపుకొనిరి అని నా అభిప్రాయము. పండితులు దీనిని ఖండించినను సంతోషమే.

ఇట్టి జంట సంస్కృతమునందును కలదు. "పరామర్శ", "విమర్శ" అను రెండు మాటలును "మృశ్" అను ఒకే ధాతువు నుండి వచ్చినవి. ఆ ధాతువునకు తాకుట యని అర్థము. దుఃఖితుని యొద్దకు పోయి పలుకుట పరామర్శ. తప్పొప్పులను తరచి చూచుట విమర్శ. రెంటికిని మూలము తాకుటయే.

తెలుగులో కోపమును తెలుపు మాటలకు కొదువ లేదు. గద్దించుటలో గొంతు పెరుగును. కసరుటలో చిరాకు బయటపడును. దెప్పుటలో ఎన్నడో చేసిన తప్పు తిరిగి త్రవ్వబడును. ఎత్తిపొడుచుట మఱియొకదాని మిషతో మర్మమును గ్రుచ్చుట. చీవాట్లు పెట్టుట నలుగురి ముందర తల వంపించుట. మందలింపులో ఇవేవియు లేవు. ఇంకొక విశేషము గమనింపుడు: మనిషి యెదుట లేకున్నను తిట్టవచ్చును, దూషింపవచ్చును, ఆడిపోసికొనవచ్చును, మందలించుట మాత్రము సాధ్యము కాదు. ఏ సీమ అర్థము తీసికొన్నను మందలించుటకు ఎదురుగా ఆ మనిషి యుండవలెను. వీథి యరుగుపై కూర్చుండి పక్కింటివాని తప్పులెన్నువాడు "నేను వానిని మందలించుచున్నాను" అని చెప్పుకొనజాలడు.

ఇప్పుడు పత్రికల వాడుకను చూతము. న్యాయస్థానము ప్రభుత్వాధికారులపై నిప్పులు చెరిగినను "మందలించినది" అనియే శీర్షిక పెట్టుదురు. ఇది కొంతవరకు సహింపదగినదే. కాని "తండ్రి మందలించినాడని మనస్తాపము చెంది" అని ఆరంభమై ఒక పసిప్రాణము పోయినట్లు ముగియు చిన్న వార్తను చదువునపుడు నా చేయి వణకును. ఆ యింట నిజముగా ఏమి జరిగినదో ఆ వాక్యము చెప్పదు. పలికినది తిట్టో, దెప్పుడుమాటయో, లేక నిజముగా మృదువైన హితవో తెలియదు. ఆ పిల్లవాని మనసులో అంతకుముందే ఎన్ని భారములున్నవో అదియు తెలియదు. సమస్తమును ఒక్క మాట మీదికి త్రోసి వార్త ముగింతురు. ఒక ప్రాణము పోవుటకు కారణము ఒక్కటియే యుండుట అరుదు. మిగిలిన తండ్రి జన్మాంతము ఆ ఒక్క మాటతో బ్రతుకవలెను. ఓరుగల్లు అర్థములో ఆ వాక్యమునే చదివి చూడుడు. తండ్రి పలుకరించినాడని! అట్టి వాక్యము పుట్టుటకే వీలు లేదు.

బసవేశ్వరుని కాలపు శరణుల చరిత్రలలో మందలింపునకు నాకు మిక్కిలి ప్రియమైన ఉదాహరణము ఆయ్దక్కి లక్కమ్మది. కన్నడమున "ఆయ్" అనగా ఏరుట, "అక్కి" అనగా బియ్యము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణపట్టణములో, నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి జంగమార్చన చేయుట ఆమె భర్త మారయ్య కాయకము. ఒకనాడు మారయ్య అనుభవ గోష్ఠిలో మునిగి కాయకమును మరచెను. భార్య వచ్చి పనివేళ దాటుచున్నదని గుర్తు చేసెను. అతడు పరుగున పోయి ఆనాడు నిత్యము కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. సామాన్య గృహిణి యైనచో సంతోషించి కుండలో పోసికొనును. లక్కమ్మ ఆ బియ్యమును చూచి, ఇంత యెందులకు, నేటికి వలసినది ఇంతయే గదా, ఇది నీ మనసులో పుట్టినదా మరియొకరి మనసులో పుట్టినదా యని యడిగి, మిగిలినదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని పంపినదని కథ.

ఇందు గమనింపదగినది ఆమె పలికిన వరుస. ఆమె మొదట అడిగినది. దోషారోపణముతో ఆరంభింపలేదు. సంగతి యేమని విచారించి, భర్త నోట విని, ఆ పిదపనే దిద్దినది. అందులోను ఆమె చూపినది ఆనాటి బియ్యము మాత్రమే. అతని గుణగణముల నెంచలేదు, నిన్నటి మరపును తిరిగి తవ్వలేదు. మారయ్యయు చిన్నబోలేదు. పోయి పోసివచ్చెను. "కాయకమే కైలాస" మను భావమును లోకమునకిచ్చినవాడు మారయ్యయే యని ప్రసిద్ధి. అట్టివానికి కాయకపు హద్దును చూపినది ఇల్లాలు. మనలో మందలింపు పెద్దల నుండి పిన్నలకు, మగని నుండి ఆలికి దిగివచ్చునదిగా తలచుట పరిపాటి. తండ్రి కొడుకును మందలించె ననుట సహజముగా వినబడును, కొడుకు తండ్రిని మందలించె ననినచో చెవికి ఎబ్బెట్టుగా తోచును. ఓరుగల్లు అర్థమున ఆ మెట్లు లేవు. "తాతను మందలిచ్చినవా?" అని మనుమని నడుగుదురు. లక్కమ్మ ఇటువంటి మందలింపును బుద్ధి చెప్పుటలోనికి తెచ్చినది. ఆమె వచనములు నేటికిని నిలిచియున్నవి.

ఈ సీమవాడైన పాల్కురికి సోమనాథుని బసవపురాణమునందు మరియొక తల్లి కలదు, బెజ్జమహాదేవి. సోమనాథుని పాలకుర్తి చిరకాలము వరంగల్లు జిల్లాలో నుండి, 2016 నాటి విభజనలో జనగామ జిల్లాలో చేరినది. బెజ్జమహాదేవి శివుని చూచి వరము లడుగలేదు. ఈతనికి తల్లి లేదు గదా యని జాలి పడినది. తల్లియే యుండినచో కొడుకును తపసి గానిచ్చునా, విషము త్రాగనిచ్చునా, పాములను మెడ వేసికొననిచ్చునా యని ఆమె తలపోసిన భావము. ఇది పరామర్శయా? అవును. బుద్ధి చెప్పుటయా? అదియు అవును. దేవునికి తల్లి లేనందుకు కంటతడి పెట్టుచునే, ఆయన వేషభాషల నన్నింటిని తప్పు పట్టినది. పిదప తానే తల్లియై శివుని పసిబిడ్డవలె సాకినది. బిడ్డకు గొంతులో జబ్బు చేసినదని తలచి తన ప్రాణమునే విడువబోయినది. ఓరుగల్లు అర్థమును తీరపు అర్థమును విడదీయుటకు వీలులేని చోటు ఏదియని యడిగినచో నేను ఈ కథనే చూపుదును. ఆమె మాటలలో ఎక్కడ పలుకరింపు ముగిసినదో, ఎక్కడ మందలింపు మొదలైనదో గీత గీయుట నా వల్ల కాలేదు.

ఇక వాడుకను గూర్చి రెండు మాటలు. మన పత్రికకు వ్రాయువారు రెండర్థములను వాడుకొనవచ్చును. ఒకటి శుద్ధము, మరియొకటి అశుద్ధము అను వాదము నాకు సమ్మతము కాదు. సందర్భము తెలియునట్లు వ్రాసిన చాలును. "చావింటికి పోయి మందలించి వచ్చితిమి" అని వ్రాసినచో తీరవాసులకు ఒక పదము అదనముగా చేర్చి, "దుఃఖములోనున్నవారిని మందలించి" అనిన తేటపడును. బుద్ధి చెప్పుట యను అర్థమున వాడునపుడు మాత్రము తిట్టును మందలింపుగా వ్రాయకుడు. సభలో ఒకనిని నిలువబెట్టి పది మంది పది తప్పులెన్నిన, తరువాత కార్యవివరములలో "సభ్యుని మందలించితిమి" అని వ్రాయుట నేను చూచితిని. ఆ సభ్యుడు మరల సభకు రాలేదు. ఎందులకు రాలేదో కనుగొనుటకు ఒక్కరును వాని యింటికి పోలేదు.

హనుమకొండ యువకుని కథ మిగిలియున్నది. విషయము తెలిసిన తరువాత నేను పోయి అతనికి ఆ మాట అర్థము చెప్పితిని. అతడు మొగము చేతులతో కప్పుకొని కొంతసేపు కూర్చుండెను. పిదప లేచి, మెట్లు దిగి, వాకిట నిలిచెను. లోనికి పోవుటకు కాళ్ళు రాలేదు. ఆ తల్లి చూచి తానే లేచి వచ్చినది.

"అన్నం తిన్నవా బిడ్డా?" అని యడిగినది. అతడు తల యూపెను.

"ఇన్నొద్దులాయె, ఒక్కపారన్న మందలిస్తివా?" అన్నది. ఆ మాటను ఆమె ఏ అర్థమున అన్నదో అతనికి అప్పటికి తెలియును. కూర్చుండుటకు పీట వేసి, నీళ్ళు తెచ్చుటకై ఆమె లోనికి పోయినది.