ఆటతో పాఠం: చిన్న తరగతుల్లో ఆన్‌లైన్ ఆటలు



మన సొసైటీ దాతలు బడికి వచ్చినప్పుడు తరచూ ఒక మాట అడుగుతారు: "పిల్లలకు ట్యాబ్‌లు ఇప్పిస్తాం, ఎన్ని కావాలి?" వారి ప్రేమకు అల్లాహ్ మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక. అయితే ఎన్ని కావాలో చెప్పే ముందు, వాటితో తరగతిలో ఏం చేస్తామో చెప్పడం మా బాధ్యత. మీరిచ్చే ప్రతి రూపాయీ మా దగ్గర అమానత్.

ముందుగా ఒక చిన్న చిక్కు చెబుతాం. మా రెండో తరగతి పిల్లల్లో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. బడిలో లెక్కలు తెలుగులో, ఇంగ్లీషులో నేర్చుకుంటారు. తెలుగులో 'ఇరవై ఏడు' అంటే పదులు ముందు వినిపిస్తాయి, ఒకట్లు తర్వాత. ఉర్దూలో 'సత్తాయీస్' అంటే ఏడు ముందు, ఇరవై తర్వాత. విన్న వరుసలోనే రాసిన పిల్లకు 27 కాస్తా 72 అవుతుంది. ఆ పిల్లకు తెలివి తక్కువేమీ లేదు, రెండు భాషల మధ్య నిలబడి ఉందంతే. ఎర్ర సిరాతో కొట్టేసినంత మాత్రాన ఆ తికమక పోదు. పై తరగతిలో తీసివేతలు చేసేటప్పుడు మళ్లీ తలెత్తుతుంది.

ఇలాంటి చోట ఆట పనికొస్తుంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో, నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన 'ఫెట్' అనే ఉచిత కార్యక్రమం ఉంది. అందులో 'మేక్ ఎ టెన్' అనేది చిన్నపిల్లల లెక్కల ఆట. తెరమీద 27ను వేలితో లాగితే 20, 7గా విడిపోతుంది. కలిపితే మళ్లీ 27. రెండు అంకెలో 2 అంటే నిజంగా ఇరవై అని పిల్ల కంటితో చూస్తుంది, చేత్తో చేస్తుంది. నలభై మంది నోటుపుస్తకాలు మేము దిద్ది ఇచ్చేసరికి మర్నాడవుతుంది. ఆటలో తప్పు అప్పటికప్పుడే తెలుస్తుంది. ఎవరూ నవ్వరు, మళ్లీ ప్రయత్నించవచ్చు.

కానీ ఆట ఒక్కటే పాఠం చెప్పదు. మా నలభై నిమిషాల పీరియడ్‌ను ఇలా పంచుకుంటాం. మొదటి పది నిమిషాలు అందరం కలిసి అగ్గిపుల్లలను పదేసి కట్టలు కడతాం. తర్వాత పది నిమిషాలు సగం మంది ట్యాబ్‌ల మీద ఆడితే, మిగతా సగం పుల్లల కట్టలతోనే లెక్కలు చేస్తారు. మరో పది నిమిషాలకు చోట్లు మారతారు. ట్యాబ్ ఇద్దరికి ఒకటి. ఒకరు వేలు కదిపితే, అలా ఎందుకు చేశారో రెండోవారు చెప్పాలి. చివరి పది నిమిషాలు ట్యాబ్‌లు పక్కన పెట్టి, పలక మీద అయిదు సంఖ్యలు రాయిస్తాం. తెర మీద చేసింది పలక మీద చేయలేకపోతే పాఠం ఇంకా రానట్టే.

ఈ పద్ధతికి రాకముందు మేము ఒక తప్పు చేశాం. 'కహూట్' అనే క్విజ్ ఆటను మొదట ఉన్నదున్నట్టు ఆడించాం. అందులో సరైన జవాబు ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ అలవాటున్న పిల్లలే ప్రతిసారీ పై వరుసలో ఉండేవారు. మూడో తరగతి అమ్మాయి ఒకతె ప్రశ్న చూడకుండానే ఏదో ఒక రంగు నొక్కుతుంటే, ఎందుకమ్మా అని అడిగాం. "చదివేలోపు అయిపోతుంది టీచర్" అంది. ఆమెకు చదవడం వచ్చు, కాకపోతే నెమ్మదిగా. చదవకుండా నొక్కడం మేమే నేర్పామని ఆ రోజు తెలిసింది. తర్వాత ప్రశ్నకిచ్చే సమయం పెంచాం. జట్లుగా ఆడించాం. జట్టులో అందరూ ఒప్పుకున్నాకే నొక్కాలని నియమం పెట్టాం. కొన్ని వారాలకు ఆ అమ్మాయే తన జట్టుకు ప్రశ్న చదివి వినిపించే పని అడిగి తీసుకుంది.

ఖర్చు తక్కువయ్యే దారులూ ఉన్నాయి. 'ప్లికర్స్' అనే పద్ధతిలో ఒక్క టీచరు ఫోను చాలు. ప్రతి పిల్ల చేతిలో ఒక కాగితం కార్డు ఉంటుంది. దాన్ని ఏ వైపు పైకి తిప్పి పట్టుకుంటే అదే జవాబు. ఫోను కెమెరా తరగతి మొత్తాన్ని చదువుతుంది. కార్డుల మీద గుర్తులు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి పక్కవారి కార్డు చూసి ప్రయోజనం ఉండదు. 'జీకాంప్రీ' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు నుంచి పదేళ్ల పిల్లలకు పనికొచ్చే ఆటలు ఎన్నో ఉన్నాయి. ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది.

ఏ ఆటనైనా తరగతిలోకి తెచ్చే ముందు మేము ఆడి చూస్తాం. ప్రకటనలు, డబ్బు పెట్టి కొనిపించే బహుమతులు, అపరిచితులతో మాటలు కలిపే వీలు ఉంటే తిరస్కరిస్తాం. పిల్లల అసలు పేర్లు, ఫొటోలు అందులో పెట్టం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా పద్దెనిమిదేళ్లలోపు వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని చెబుతోంది.

ఇక మీ ప్రశ్నకు జవాబు. నలభై మంది తరగతికి పది ట్యాబ్‌లు చాలు. మిగిలిన సొమ్మును ఛార్జర్లకు, మరమ్మతులకు, టీచర్ల శిక్షణకు కేటాయించమని కోరుతున్నాం. ఒకచోట దానంగా వచ్చిన ట్యాబ్‌లు, ఛార్జర్లు పాడై బీరువాలో పడి ఉండటం కళ్లారా చూశాం. సదఖా జారియా అంటే ఇచ్చినవారి తర్వాత కూడా ఆగకుండా సాగే మేలు. వస్తువు మూలపడితే ఆ మేలూ ఆగిపోతుంది.

వచ్చే ఏడాది బడికి వచ్చినప్పుడు ట్యాబ్‌లు లెక్కపెట్టకండి. రెండో తరగతిలో ఏ పిల్లనైనా పిలిచి, 'సత్తాయీస్' రాయమనండి. పలక మీద ఏముందో చూడండి. ఇన్షా అల్లాహ్, 27 కనిపిస్తుంది.