పోటీ పరీక్షల ప్రత్యేకం: ఎలక్ట్రాన్లకు అయస్కాంత వల

కేంద్రక సంలీన రియాక్టర్ అనగానే చాలామంది టోకమాక్ అని గీసేస్తారు. పాలీవెల్ గుర్తుకు రాదు. ఇది అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ బుస్సార్డ్ ఆలోచన. ఘనం ఆరు ముఖాల మీద ఆరు విద్యుత్ తీగచుట్టలు, ఒకే రకం ధ్రువాలన్నీ లోపలికి. అందుకే సరిగ్గా నడిమధ్య అయస్కాంత క్షేత్రం సున్నా. లోపల చిక్కిన ఎలక్ట్రాన్ల ఋణావేశం ధన అయాన్లను లాగి ఢీకొట్టిస్తుంది. అంటే అయస్కాంతం బంధించేది ఎలక్ట్రాన్లను; బిట్టు ఇక్కడే వస్తుంది. చుట్టల సందుల్లోంచి అవి జారిపోవడమే అసలు తలనొప్పి. దీంతో ఇంకా ఎవరూ కరెంటు తీయలేదు.

ఇక అణుశక్తిలోనే మరో బిట్టు: కువైట్. 2009లో అణుశక్తి కమిటీ వేసుకుంది, ఫుకుషిమా ప్రమాదం తర్వాత 2011లో ఆ ప్రయత్నం మానుకుంది. అది విచ్ఛిత్తి దారి, సంలీనంతో కలపకండి. అంతర్జాతీయ సంలీన ప్రాజెక్టు ఐటర్ ఏడుగురు భాగస్వాముల్లో భారత్ ఉంది, కువైట్ లేదు.